‘ఓకే’ ఎలా పుట్టింది? ఉత్తరాల్లో వాడవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. అమెరికా అంతర్యుద్ధంలో ప్రాణనష్టం లేని రోజున సైనికులు సున్నా పక్కన ‘కే’ వేసి ‘జీరో కిల్డ్’ (ఎవరూ చనిపోలేదు) అని రాసిపెట్టేవారని, అదే ‘ఓకే’ అయిందని ఒక గైడులో ఉంది. నిజమేనా? ఓ, కే అని రెండక్షరాలు రాయాలా, చివర ఏ, వై కూడా చేర్చాలా? అధికారులకు రాసే ఉత్తరాల్లో పనికొస్తుందా?

సమాధానం: ఆ కథ పిల్లలకు చెప్పకండి, దయచేసి. అంతర్యుద్ధం మొదలైంది 1861లో. ‘ఓకే’ అంతకు 22 ఏళ్ల ముందే, 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ పత్రికలో అచ్చయింది. ‘ఆల్ కరెక్ట్’ అనే అర్థాన్ని పక్కనే ఇచ్చారు కూడా.

మరి ఏ, సీ అక్షరాలు రావాలి కదా అంటారేమో. మాటలను కావాలనే తప్పుగా రాసి, వాటి పొడి అక్షరాలు వాడడం అప్పటి బోస్టన్ పత్రికల సరదా. అలా అది ‘ఓల్ కొరెక్ట్’ అయింది. ‘ఆల్ రైట్’కు కూడా, రైట్‌ను డబ్ల్యూతో మొదలుపెట్టి, ఓ.డబ్ల్యూ. అని ఒకటుండేది. అది ఎవరికీ గుర్తులేదు. ఓకేను నిలబెట్టింది 1840 అధ్యక్ష ఎన్నికలు. వాటిలో మళ్లీ పోటీ చేసిన అప్పటి అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ఆయనను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ అనుచరులు ఓ.కే. క్లబ్బు పెట్టారు. ఆయన గెలవలేదు గానీ, ఆ ప్రచారంతో మాట దేశమంతా పాకింది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలన్నీ గాలించి 1960లలో ఈ సంగతి తేల్చారు. ఎంత ఓపికో చూడండి!

రెండక్షరాలు, నాలుగక్షరాలు రెండూ ఒప్పే. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలిలో మాత్రం రెండు పెద్దక్షరాలే. ఒకే వ్యాసంలో రెండు రకాలూ కలపవద్దని పిల్లలకు చెప్పండి. అధికారిక ఉత్తరాల్లో ‘అప్రూవ్డ్’, ‘అగ్రీడ్’ వంటివి నయం.

మరో సభ్యురాలు: నేను మెయిల్‌కు ‘ఓకే’ అని ఒక్క మాటే జవాబిస్తే, ముభావంగా ఉందని మా పై అధికారి అన్నారండీ. అందులో తప్పేముంది?

సమాధానం: తప్పు లేదమ్మా. కానీ ఆ ఒక్క మాటలో ఇష్టంగా ఒప్పుకున్నారో, తప్పదని ఒప్పుకున్నారో తెలియదు. ‘ఓకే, రేపు సాయంత్రానికి పంపిస్తాను’ అని పని కూడా చెప్పండి, సరిపోతుంది. ఇంకొకటి: ఇంట్లో వాళ్లు వండిపెట్టిన భోజనాన్ని ‘ఓకే’ అనకండి. ఇంగ్లీషులోనైనా మన దగ్గరైనా, ఏదో పరవాలేదు అన్నట్టే వినిపిస్తుంది.