నాన్నగారికి మతిమరుపు మొదలైంది, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఆయన తరఫున పనులు చేసే అధికారపత్రం) రాయించుకుంటే సరిపోతుందా?

నిజాంపేట్ చిన్నకూతురు:
నాన్నగారికి 76. స్టేట్ గవర్నమెంట్‌లో చేసి రిటైరయ్యారు. ఈ మధ్య మరిచిపోవడం ఎక్కువైందని న్యూరాలజిస్ట్‌కి చూపిస్తే అల్జీమర్స్ తొలి దశ అన్నారు. పొద్దున పూట మామూలుగానే ఉంటారు, పేపర్ చదువుతారు, కూరగాయలవాడితో బేరం కూడా ఆడతారు, సాయంత్రమయ్యేసరికి అడిగిందే అడుగుతుంటారు. మల్కాజిగిరిలో ఫ్లాట్ ఆయన పేరు మీదే ఉంది, ఎఫ్‌డీలు కూడా ఆయన ఒక్కరి పేరు మీదే. అమ్మ బ్యాంకు పనులు ఎప్పుడూ చూడలేదు. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. మా ఇద్దరికీ గొడవలేం లేవు, ఇప్పటివరకైతే.

బాబాయి జీపీఏ రాయించేసుకో, అన్నీ నువ్వే చూసుకోవచ్చు అంటున్నాడు. మేనత్త మాత్రం ఫ్లాట్ ఇప్పుడే మీ ఇద్దరి పేరున గిఫ్ట్ చేయించుకోండి, తర్వాత తిప్పలుండవు అంటోంది. డాక్యుమెంట్ రైటర్‌ని అడిగితే రెండూ చేసిపెడతానన్నాడు, వాడికేం పోయింది. అసలు ముందు ఏం చేయాలో అర్థం కాక టెన్షన్‌గా ఉంది.

కోర్టు వరండా:
జీపీఏ మీద ఆశ పెట్టుకోకండమ్మా. రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ అధికారం కూడా పోతుందని కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. కొన్ని దేశాల్లో అయితే మతి తప్పాక కూడా చెల్లేలా రాసుకోవచ్చు, మన దగ్గర ఆ వీలు లేదు. అంటే మీకు అది నిజంగా అవసరమయ్యే రోజు వచ్చేసరికే దానికి విలువ ఉండదు. ఈ ఏడాదో రెండేళ్లో చిన్న చిన్న పనులకు పనికొస్తుంది, అంతే. ఆయన పూర్తిగా మరిచిపోయే స్థితికి వచ్చాక ఫ్లాట్ అమ్మాలన్నా, ఎఫ్‌డీ తీయాలన్నా హైకోర్టుకు వెళ్లి గార్డియన్‌గా నియమించమని అడగాల్సి వస్తుంది. మెడికల్ బోర్డు, విచారణ, లాయర్ ఫీజు, ఇంకెందుకు లెండి.

ముందు చేయాల్సింది వీలునామా. తొలి దశ అన్నంత మాత్రాన ఆయన రాయలేరని కాదు, రాసే సమయానికి తనకేం ఉంది, ఎవరికి ఇస్తున్నాను అన్నది తెలిసి ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి పొద్దున పూటే పెట్టుకోండి, అదే రోజు డాక్టర్ దగ్గర ఆయన స్పృహతో, అవగాహనతో ఉన్నారని సర్టిఫికెట్ తీసుకోండి. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఆస్తి వచ్చేవాళ్లు సాక్షులుగా ఉండకపోవడం మంచిది, వయసులో మీ నాన్నగారి కంటే బాగా చిన్నవాళ్లయితే ఇంకా మంచిది, ఎందుకంటే రేపు గొడవొస్తే సాక్షుల్లో ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా మీ కేసులో చేయించండి. స్టాంప్ డ్యూటీ కూడా ఉండదు. నడవలేకపోతే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే పద్ధతి ఉంది, ప్రైవేట్ అటెండెన్స్ అని అడగండి.

అల్వాల్ అన్న:
పైన చెప్పింది కరెక్టే కానీ గిఫ్ట్‌ని పూర్తిగా కొట్టిపారేయొద్దు. వీలునామా మీద ఎవడైనా కేసు వేయొచ్చు, అప్పుడు ఆయనకు మతి లేదని అదే అల్జీమర్స్ రిపోర్ట్ తెచ్చి చూపిస్తారు. గిఫ్ట్ డీడ్ అయితే అప్పుడే అయిపోతుంది కదా.

కోర్టు వరండా:
అదే రిపోర్ట్ గిఫ్ట్ డీడ్ మీదకూ తేవచ్చు అన్నా. పైగా గిఫ్ట్ అయ్యాక అమ్మానాన్న ఉండేది పిల్లల ఇంట్లో. మా చుట్టాల్లో ఒక పెద్దాయన ఇల్లంతా కొడుక్కి రాసిచ్చి ఇప్పుడు బోయిన్‌పల్లిలో అద్దెకుంటున్నారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకోకపోతే గిఫ్ట్ రద్దు చేయించుకోవచ్చు, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో. కానీ చూసుకోవాలి అన్న షరతు ఉండాలని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అంది. మా చుట్టం రాసిచ్చిన దస్తావేజులో ఆ మాటే లేదు. 2025 జనవరిలో ఇంకో కేసులో కోర్టు కాస్త ఉదారంగానే చూసి తల్లి ఇచ్చిన గిఫ్ట్ రద్దు చేసింది, అందులో కొడుకు చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. గిఫ్టే చేయాలంటే షరతు స్పష్టంగా రాయించి, అమ్మానాన్న ఇద్దరికీ బతికున్నంతకాలం ఉండే హక్కు కూడా అందులోనే పెట్టించండి.

రిటైర్డ్ బ్యాంకాయన:
అమ్మాయీ, ఫ్లాట్ ఎక్కడికీ పోదు, నెల నెలా కావాల్సింది డబ్బు. ఎఫ్‌డీలలో మీ అమ్మగారి పేరు చేర్పించు, ఇద్దరిలో ఎవరైనా లేదా మిగిలినవారు అనే పద్ధతిలో. అయితే చాలామందికి తెలియని తిరకాసు ఒకటుంది. గడువుకు ముందే ఎవరైనా ఒక్కరు తీసుకోవచ్చని, ఒకరు పోయాక మిగిలినవారు తీసుకోవచ్చని కూడా ఇద్దరూ విడిగా రాసివ్వాలి. అది లేకపోతే హాస్పిటల్‌కి అర్జెంటుగా డబ్బు కావాల్సినప్పుడు ఇద్దరి సంతకాలూ అడుగుతారు. పెన్షన్ ఖాతా సంగతి వేరు, దాన్ని ముట్టుకునే ముందు బ్రాంచిలో ట్రెజరీ రూల్ కనుక్కో.

నామినీ కూడా చూసుకో. 2025 నవంబర్ 1 నుంచి డిపాజిట్‌కు నలుగురి దాకా పెట్టొచ్చు. నామినీ అంటే బ్యాంకు డబ్బు ఎవరి చేతికిస్తుందో ఆ మనిషి, వారసత్వం వేరు, అందుకని వీలునామాలో ఎఫ్‌డీల సంగతి కూడా రాయించండి. సంతకం బొత్తిగా కుదరనప్పుడు వేలిముద్రతో తీసుకోవచ్చు, ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు ఆఫీసరే ఉండాలి. ఇది రిజర్వ్ బ్యాంకు రూలే, కౌంటర్‌లో కుర్రాడికి తెలియకపోతే మేనేజర్‌ని అడుగు. పీపీవో (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన ఆర్డర్) కాపీ తీసి అమ్మగారి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో ఇప్పుడే చూడు, ఫ్యామిలీ పెన్షన్ దగ్గర అక్షరం తేడాకి కూడా తిప్పుతారు.

నిజాంపేట్ చిన్నకూతురు:
చాలా థాంక్స్ అందరికీ. పీపీవోలో అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది అంకుల్, ఇప్పుడే చూశాను. ఇంకో ఇబ్బంది, వీలునామా అనగానే నేను పోతానని అప్పుడే రాయించుకుంటున్నారా అని నాన్న అలుగుతారు. ఎలా కదపాలి?

రిటైర్డ్ బ్యాంకాయన:
పేరు సంగతి ఆయన ఉండగానే సరిచేయించు, ఆయన సంతకంతో అర్జీ ఇస్తే సులువు. వీలునామా మాట మీరెత్తకండి, అమ్మగారి చేత అనిపించండి, నాకేం మిగులుతుందండీ అని. ఆ ప్రశ్నకి ఏ మొగుడైనా జవాబు చెప్పాల్సిందే. డల్లాస్ అబ్బాయిని వీడియో కాల్‌లో పెట్టి అందరూ వినేలా మాట్లాడుకోండి, చెల్లెలు ఏదో రాయించేసుకుంది అన్న మాట రాదు.

అల్వాల్ అన్న:
డబ్బు సంగతి వచ్చింది కాబట్టి, 70 దాటితే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి సిస్టర్, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా అది, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. కాకపోతే మీరు వెళ్లే హాస్పిటల్ లిస్టులో ఉందో లేదో ముందే చూసుకోండి.

సిద్దిపేట బావ:
మధ్యలో దూరుతున్నాను, మా నాన్నది కూడా ఇదే పరిస్థితి, కానీ మాది ఫ్లాట్ కాదు, మూడెకరాల పట్టా పొలం. ఇదంతా మాకూ వర్తిస్తుందా?

కోర్టు వరండా:
వీలునామా సంగతి అదే. గిఫ్ట్ అయితే వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర కాదు, తహసీల్దార్ ఆఫీసులో. భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. పాస్‌బుక్‌లో విస్తీర్ణం సరిగ్గా ఉందో చూసుకుని విడిగా ప్రశ్న పెట్టండి, ఇక్కడ కలిపితే ఆమెకి గందరగోళమవుతుంది.