రాక్ బృందంలో పాట రచయితలుగా ఎవరి పేర్లు వేయాలి?

ప్రశ్న:
మేము నలుగురం కలిసి వాయిస్తాం. సాహిత్యమూ వరుసా ఒకరే తెస్తారు. బేస్, డ్రమ్స్, మధ్యలో వచ్చే గిటార్ సోలో మాత్రం సాధనలో అందరం కలిసి కట్టుకున్నవే. పాటలు విడుదల కాబోతున్న ఈ సమయంలో రచయితలుగా ఎవరి పేర్లు వేయాలన్న చర్చ మొదలైంది. పేరున్న బృందాలు దీన్ని ఎలా తేల్చుకున్నాయి?

జవాబు 1:
పాట (సాహిత్యం, వరుస) మీద హక్కు వేరు, రికార్డింగు మీద హక్కు వేరు. మీ పాటను రేపు మరొకరు పాడి రికార్డు చేస్తే పాట వాడకానికి చెల్లించే సొమ్ము, అంటే రాయల్టీ, రచయితలకే వస్తుంది తప్ప మొదట డ్రమ్స్ వాయించినవారికి రాదు. క్వీన్ బృందం 1975లో తెచ్చిన 'బోహిమియన్ రాప్సొడీ' సింగిల్ (ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) రెండో వైపున డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన పాట ఉండడంతో, జనం మొదటి వైపు కోసమే కొన్నా, ఆ మొదటి పాట రాసిన ఫ్రెడ్డీ మెర్క్యురీతో సమానంగా ఆయనకూ రచయిత రాయల్టీ దక్కింది; బృందంలో అది చాలాకాలం నలిగింది. చివరికి 1989లో 'ది మిరకిల్' ఆల్బమ్ పాటలన్నిటికీ బృందం పేరే వేసుకున్నారు. అమెరికా బృందం ఆర్.ఇ.ఎం. సభ్యులైతే మొదటి నుంచీ నలుగురి పేర్లూ సమానంగా వేసుకున్నారు.

జవాబు 2:
ఒప్పందం లేకపోతే తీర్పు కోర్టు చేతికి వెళుతుంది, అక్కడ ఏం జరుగుతుందో ముందుగా చెప్పలేం. స్పాండౌ బాలే బృందం సభ్యులు ముగ్గురు, తమ పాటలు రాసిన గ్యారీ కెంప్ మీద రాయల్టీలో వాటా కోసం వేసిన దావాను 1999లో ఇంగ్లండు కోర్టు కొట్టివేసింది. వారు చేసింది వాయించడమే తప్ప రచన కాదన్నది. అదే దేశంలో, ప్రోకల్ హారమ్ బృందం 1967లో విడుదల చేసిన 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్'లో ఆర్గన్ వాయించిన మాథ్యూ ఫిషర్‌కు 2006లో సంగీతపు హక్కులో 40 శాతం వాటా ఇచ్చారు, ఎందుకంటే ఆ ఆర్గన్ వరుస పాటలో విడదీయరాని భాగమని న్యాయమూర్తి భావించారు. పై కోర్టుల్లో నలిగిన ఆ వాటా 2009లో ఖాయమైంది గానీ, దావా వేయడానికి ముందు దశాబ్దాల రాయల్టీ మాత్రం ఆయనకు రాలేదు.

జవాబు 3:
అన్ని పాటలకూ సమాన వాటా అన్న పద్ధతిని నేను పూర్తిగా ఒప్పుకోను. ఒక్కరే రాస్తూ, వాటా మాత్రం అందరూ సమానంగా పంచుకుంటూ పోతే ఆ ఒక్కరికే మొదట విసుగు పుడుతుంది. సాహిత్యానికి సగం, సంగీతానికి సగం అని విడదీసి, సాహిత్యం సగాన్ని రాసినవారికిచ్చి, సంగీతం సగాన్ని నలుగురూ పంచుకోవడం మీకు సరిపోవచ్చు. ఏ పాటకు ఎవరి శాతం ఎంతో విడుదలకు ముందే కాగితం మీద రాసి, నలుగురూ సంతకం చేయండి. ఎవరైనా బృందం వదిలి వెళితే పాత పాటల్లో వారి వాటా ఏమవుతుందో కూడా అందులోనే ఉండాలి.