ఇటాలియన్ ఒపెరాలో కవికి పేరెందుకు రాలేదు?

ప్రశ్న (గవర్నరుపేట, విజయవాడ): నిన్న తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పద్యనాటకం చూసి వస్తుంటే ఒక సందేహం కలిగింది. తిరుపతి వేంకట కవుల పద్యాన్ని ఏ నటుడు ఏ రాగంలో ఎంతసేపు సాగదీసినా అది ఆ కవుల పద్యంగానే నిలుస్తుంది. 18వ శతాబ్దపు ఇటాలియన్ ఒపెరాల (పాటలతో నడిచే సంగీత నాటకాల) విషయంలో మాత్రం స్వరకర్త పేరే వినిపిస్తుంది. మాటలు రాసినవారు ఏమయ్యారు?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు): ఆ కాలంలో పరిస్థితి అలా లేదండీ. వియన్నాలో ఆస్థానకవిగా ఉండి 1782లో మరణించిన మెటాస్టాసియో రాసిన ఒక్కొక్క నాటకానికి ఎందరో స్వరకర్తలు విడివిడిగా సంగీతం కట్టారు. అంటే కావ్యం నిలిచి ఉండేది, బాణీ మారుతూ ఉండేది. 1760లో రోములో స్వరకర్త పిచ్చిన్నికి ఘనవిజయం తెచ్చిన హాస్య ఒపెరాకు మాటలు గోల్డోనివే.

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ): ఒపెరాలకు మాటలు రాసిన ద పోంతేను మరవకండి. 1787లో స్వరకర్తలైన మొత్సార్టుకూ, సాలియేరికీ, స్పెయిన్ దేశస్థుడైన మార్టిన్‌కూ ఒకేసారి మూడు నాటకాలు రాశానని ఆయన తన జ్ఞాపకాలలో చెప్పుకున్నాడు (కొంత గొప్ప కలిసే ఉంటుందని నా అనుమానం).

జవాబు (బ్రాడీపేట, గుంటూరు): మన ‘వన్స్ మోర్’ అక్కడా ఉంది. 1792లో వియన్నాలో, బెర్తాతి మాటలకు చిమరోజా సంగీతం కట్టిన ‘రహస్య వివాహం’ ముగియగానే, లియొపోల్డ్ చక్రవర్తి కళాకారులకు భోజనం పెట్టించి, ఆ రాత్రే ఒపెరా మొత్తాన్నీ మళ్లీ ఆడించాడని ప్రసిద్ధి. మనం ఒక్క పద్యంతో సరిపెట్టుకుంటాం!