రాత్రి డ్యూటీలో సిస్టర్లు తక్కువైతే మన బిల్లు పెరుగుతుందా?

ప్రశ్న (గుంటూరు):
నాన్నకు తుంటి ఎముక విరిగితే ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. వారంలో పంపించేస్తామన్నారు. ఈలోపు నడుం కింద పుండు పడింది. అది మానేదాకా ఉండాల్సిందే అన్నారు. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్క సిస్టరే. ఆవిడ కాసేపు కూర్చోవడం కూడా చూడలేదు. పెరిగిన బెడ్ చార్జి, డ్రెస్సింగ్, మందులు అన్నీ మా మీదే పడ్డాయి. ఈ రెండిటికీ సంబంధం ఉందా?

జవాబు (నర్సు, బ్రిస్బేన్):
చాలా ఉందండీ. నేను గుంటూరులోనే నర్సింగ్ చదివాను, ఇక్కడ సర్జికల్ వార్డులో చేస్తున్నాను. తుంటి ఆపరేషన్ అయిన పెద్దాయన్ని రెండు, మూడు గంటలకోసారి పక్కకు తిప్పాలి. వీలైతే మర్నాడే లేపి నిలబెట్టాలి. యూరిన్ గొట్టం అవసరం తీరగానే తీసేయాలి. వీటిలో ఏది వెనకబడినా పుండో, యూరిన్ ఇన్ఫెక్షనో, నిమోనియానో రావచ్చు. మనిషిని తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఒక్కతే ఉన్న అమ్మాయి ఎవర్ని పిలవాలి? దయచేసి ఆవిణ్ని తప్పుపట్టకండి.

ఆస్ట్రేలియాలో మా బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 2016లో దీనికి చట్టమే తెచ్చారు. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో పగలు సగటున నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలి. అలాంటి 27 ఆసుపత్రులను ఈ నిబంధన లేని మరికొన్నిటితో పోల్చిన అధ్యయనం 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నర్సుకు ఒక్క పేషెంటు తగ్గితే ఆసుపత్రిలో ఉండే కాలం 3 శాతం తగ్గింది. కొత్త నర్సుల మీద పెట్టిన ఖర్చుకు రెట్టింపు కన్నా ఎక్కువే మిగిలింది.

జవాబు (ఆసుపత్రి బిల్లింగ్‌లో చేశాను, విజయవాడ):
అక్కడ జీతమిచ్చేదీ, ఆదా అయ్యేదీ ప్రభుత్వానికే మేడమ్. ఇక్కడ నగదు పేషెంటు ఎక్కువ రోజులుంటే ఆసుపత్రికి ఆదాయం, సిస్టర్‌ని పెట్టుకుంటే ఖర్చు. ఆరోగ్యశ్రీలాంటి ప్యాకేజీలో (ఎన్ని రోజులున్నా ఆసుపత్రికి ఒకటే మొత్తం) అయితే లెక్క తిరగబడుతుంది. రోజులు పెరిగితే నష్టం ఆసుపత్రిదే.

జవాబు (నర్సు, బ్రిస్బేన్):
నిజమే. కానీ ఆ నష్టం తప్పించుకోవడానికి నర్సుల్ని పెంచకుండా, పుండు మానకముందే ఇంటికి పంపేస్తే? డ్రెస్సింగ్ ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతుంది. అందుకే ప్యాకేజీ ఒక్కటే చాలదు, నర్సుల సంఖ్యకు చట్టం కావాలంటాను.

గుంటూరు వారికి: నాన్నగారికి మడమల దగ్గర కూడా రోజూ చూడండి. ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఇంకోసారి ఎక్కడ చేర్పించినా, రాత్రి ఆ వార్డులో ఎంతమందికి ఎంతమంది సిస్టర్లో ముందే అడగండి.