కీమో ముందురోజే వాంతులు: ఏం చేస్తే తగ్గింది?

రొమ్ము క్యాన్సర్‌కి 21 రోజులకోసారి ఏసీ (ఆడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందుల) కీమో. మందు ఎక్కించాక వచ్చే వికారం ఓండాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్ అనే వాంతులు ఆపే మందులతో అదుపులోనే ఉంది. చిక్కంతా ముందురోజుది. స్పిరిట్ వాసన తగిలినా, సెలైన్ స్టాండు గుర్తొచ్చినా పేషెంటుకి కడుపులో తిప్పేస్తుంది. గత సైకిళ్లు (కీమో విడతలు) ఒంటికి గుర్తుండిపోవడం వల్ల వచ్చేది కాబట్టి దీనికి ఓండాన్‌సెట్రాన్ పెద్దగా పనిచేయదు, "ధైర్యంగా ఉండండి" అన్న మాట అసలే పనిచేయదు. ముందురాత్రికి, కీమో ఉదయానికి తక్కువ మోతాదు లోరాజెపామ్ (ఆందోళన తగ్గించే మందు) ఇద్దామంటున్నారు డాక్టరుగారు. ఇష్టమైన పులిహోర లాంటివి ఆరోజు పెట్టట్లేదు, పెడితే తర్వాత వాటిమీదే అసహ్యం పుడుతుంది.

సైకో ఆంకాలజిస్టు (క్యాన్సర్ పేషెంట్ల మానసిక సమస్యలు చూసే నిపుణులు) దగ్గర కండరాలు బిగించి వదిలే రిలాక్సేషన్ నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? కీమోకి ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టారండీ? నర్సుగారిని అడిగి బెడ్డు కిటికీ పక్కకి మార్పించుకుంటే తేడా కనిపించిందా?