దాల్వా వరికి యూరియాను పూర్తిగా మానుకోవచ్చా?

గట్టుమీద రైతు:
గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్), దాల్వా (రబీ) రెండూ వరే వేసే భూమిలో యూరియాను పూర్తిగా మానేసి, వేసవిలో పచ్చిరొట్ట పైరైన జీలుగను పెంచి కలియదున్ని, పైరుకు జీవామృతం పారిస్తే దిగుబడి తగ్గదని మా ఊరిలో కొందరు వాదిస్తున్నారు. అలా చేస్తే రెండు మూడేళ్లలో చేను పాలిపోతుందని మరికొందరు అంటున్నారు. నా అనుభవం సార్వాకే పరిమితం. జీలుగ దున్నిన మడిలో మొదటి దఫా యూరియా వేయకపోయినా పైరు పచ్చగానే తిరిగింది, కానీ దాల్వాలో ఆ ధైర్యం చేయలేకపోయాను. సభ్యులు తమ అభిప్రాయంతోపాటు లెక్క కూడా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మట్టిలెక్క:
దాల్వాలో ఎకరానికి 75 కిలోల బస్తాలు 40 అయ్యాయంటే 3 టన్నుల ధాన్యం. టన్ను ధాన్యం పండడానికి వరి, గడ్డితో కలిపి, 15 నుంచి 20 కిలోల నత్రజనిని తీసుకుంటుంది కాబట్టి ఆ ఎకరంలో ఒక్క పంటకే సుమారు 50 కిలోలు కావాలి. 200 లీటర్ల జీవామృతంలో కలిపేది 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి. వీటన్నిటిలోని నత్రజనిని కూడితే పావు కిలోకు అటూ ఇటూగా తేలుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోలు ఉంటుంది. నెలకు రెండుసార్లు పారించినా ఈ తేడా పూడదు. జీలుగ సంగతి వేరు. అది పూత దశకు వచ్చాక బాగా పెరిగిన పైరును కలియదున్నితే బస్తా, బస్తాన్నర యూరియాకు సమానమైన నత్రజని నేలకు చేరుతుంది. అయితే దాల్వా కోతకూ సార్వా నాట్లకూ మధ్య వేసవిలో దొరికే వ్యవధి, సార్వా కోతకూ దాల్వా నాట్లకూ మధ్య ఎక్కడుంది? నలభై అయిదు రోజుల పైరును ఏ మడిలో పెంచుతాం?

ఆకుమడి:
మట్టిలెక్క గారి కూడికలో తప్పు లేదు, తూకం వేసిన వస్తువే వేరు. జీవామృతం ఎరువు కాదు, తోడు. పాలలో వేసే చెంచాడు మజ్జిగలో ఎంత పెరుగుందని ఎవరూ కొలవరు. నీరు నిలిచిన వరి మడిలో అజొల్లా అనే నీటిమీద తేలే చిన్న మొక్క, నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. యూరియా ఎక్కువైన మడిలో ఆ పని మందగిస్తుంది. పైగా యూరియా లెక్కలో నష్టాన్ని మీరు చూపలేదు. నిండు నీటిలో చల్లిన యూరియాలో పైరుకు అందేది మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే, తక్కినది అమోనియాగా గాలిలోకీ, నీటితో మురుగు కాలువలోకీ పోతుంది. ముదురు పచ్చగా ఎదిగిన చేనులోనే సుడిదోమ, పాముపొడ తెగులు ముందు కనిపిస్తాయన్నది దాల్వా రైతులందరికీ తెలిసిందే.

మట్టిలెక్క:
నష్టం సంగతి ఒప్పుకుంటాను. నీరు తీసేసి, బురద పదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత నీరు పెట్టడం, ఆకు పచ్చదనాన్ని ఆకు రంగు పట్టికలోని రంగులతో పోల్చి చూసి అవసరమైనప్పుడే వేయడం, ఈ రెండూ పాటించినా బస్తాల సంఖ్య తగ్గుతుంది. ఇక తోడు వేయాలన్నా గిన్నెలో పాలుండాలి కదా. మన చేలలో ఆ పాలు గడ్డి. అసలు చర్చ జరగవలసింది అక్కడే అని నా అభిప్రాయం. వరి తీసుకున్న పొటాష్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా గింజలో కాక గడ్డిలోనే ఉంటుంది. కాల్చితే నత్రజని దాదాపుగా పోయినా పొటాష్‌లో ఎక్కువ భాగం బూడిదలో మిగులుతుంది, కట్టలు కట్టి అమ్మితే అదీ మిగలదు. కాల్చడాన్ని సమర్థించడం లేదు గాని, గడ్డి అమ్మినవారు ఆ డబ్బులో కొంత పొటాష్ కొనడానికి పక్కన పెట్టడం నేను చూడలేదు. గడ్డిని దున్నేస్తే మరో చిక్కుంది: కుళ్లే సమయంలో సూక్ష్మజీవులే మట్టిలోని నత్రజనిని ముందుగా లాక్కుంటాయి, లేత పైరు పసుపుబారుతుంది. అంటే గడ్డిని నేలకు తిరిగి ఇచ్చే మొదటి సంవత్సరాలలో తొలి దఫా యూరియాను మానకూడదు. పూర్తిగా మానాలన్న పట్టుదల ఇక్కడే దెబ్బతీస్తుంది.

కౌలుచేను:
మీరిద్దరూ సొంత భూమి ఉన్నవారిలా మాట్లాడుతున్నారు. జీలుగకు విత్తనం, దున్నకం ఖర్చులు నావి. మట్టి బాగుపడేది రెండు మూడేళ్లకు, నా కౌలు ఏడాదికి. వచ్చే ఏడు అదే చేను నాకిస్తారో లేదో తెలియదు. యూరియా బస్తా 266.50 రూపాయలకు, నత్రజనితోపాటు భాస్వరం ఇచ్చే డీఏపీ బస్తా 1,350 రూపాయలకు దొరుకుతున్నప్పుడు నేను దేనిని ఎక్కువ చల్లుతానో ఊహించడం కష్టం కాదు. 2010లో ఎరువులోని పోషకాలను బట్టి ఇచ్చే పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు, ఈ ధరల వంకర అక్కడినుంచి మరింత పెరిగింది. ముందు దానిని సరిచేయమనండి.

ఆకుమడి:
యూరియా ధర పెంచితే మొదట నలిగేది మీరే కదా, కౌలుచేను గారూ?

కౌలుచేను:
నిజమే. పెంచిన మేరకు పొటాష్, భాస్వరం ఎరువుల ధర తగ్గిస్తే నాకు అభ్యంతరం లేదు. కౌలు కాగితంలో మూడేళ్లని రాసిస్తే జీలుగ కూడా వేస్తాను.

గట్టుమీద రైతు:
ఈ దాల్వాలో ఎకరం మడిని రెండు భాగాలు చేస్తున్నాను. ఒక సగంలో గడ్డి దున్ని తొలి దఫా యూరియా ఉంచి, తరువాతి దఫాలు ఆకు రంగు పట్టిక ప్రకారం వేస్తాను. రెండో సగంలో ఆకుమడి గారు చెప్పినట్టు యూరియా లేకుండా చేస్తాను. గట్టు గట్టిగా వేసి, ఒకదాని నీరు మరొకదానిలోకి పోకుండా చూసుకోవాలి. గడ్డిని తునకలు చేసే అమరిక ఉన్న కోత మిషన్ మా వైపు దొరకడమే కష్టంగా ఉంది, ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.