యుకులేలే బ్రిడ్జి ఊడిపోయింది, ఏ జిగురు వాడాలి? (కొత్తది కొనుక్కోమని మాత్రం చెప్పకండి)

రాజోలు మాస్టారు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మొన్న శ్రావణమాసం ముసురుకి నా యుకులేలే బ్రిడ్జి (పై చెక్క మీద తీగలు కట్టే చిన్న చెక్కముక్క) వెనకవైపు నుంచి లేచింది. మొదట పోస్టుకార్డు అంచు దూరేంత సందు. మూడో రోజు రాత్రి ఠప్పుమని మొత్తం ఊడొచ్చేసింది. పిల్లి గిన్నె తోసిందనుకుని మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి చూసొచ్చింది.

ఇది సోప్రానో అనే చిన్న రకం, రెండడుగులు కూడా ఉండదు. 1978లో మా పాలకొల్లు శ్రీనివాస్ గారు తొమ్మిదేళ్ల పిల్లాడిగా గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మాండలిన్ వాయించారు. ఆ కబుర్లు విని మర్నాటి ఏడు నేనూ మాండలిన్ కొందామని కాకినాడ వెళ్లాను. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ధర అందలేదు. ఓడ దిగిన ఒకతని దగ్గర ఇది 60 రూపాయలకి దొరికింది. దీన్నేమంటారో అతనికీ తెలీదు. చాలా ఏళ్లు ‘బుల్లి గిటార్’ అనే పిలిచాను. కంపెనీ పేరు ఎక్కడా లేదు. బిరడాలకి గేర్లు లేవు, వెనక మర బిగిస్తే రాపిడి మీద నిలబడతాయి. వానల్లో జారుతుంటే సుద్ద పూసి బిగిస్తాను. బడిపంతులుకి సుద్దకేం కరువు!

నేర్పేవాళ్లు ఎవరూ లేరు. భజనలో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరు నాలుగు తీగలకీ శ్రుతులు పట్టి ఇచ్చారు, ఇంగ్లీషు పేర్లతో: జి, సి, ఇ, ఎ. సి ని షడ్జమం అనుకుంటే ప స గ ద. అంటే వేలు ఎక్కడా పెట్టకుండా మీటినా నాలుగూ మోహన రాగంలోవే. ఎ ని షడ్జమం చేసుకుంటే ని గ ప స, శుద్ధ ధన్యాసిలోకి వస్తాయి. ఇది తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిక్కల్లా నాదం నిలవకపోవడం. మీటిన స్వరం మూడు లెక్కపెట్టేలోపే పోతుంది. శ్రీనివాస్ గారు మాండలిన్ జంట తీగలు తీసేసి విడిగా అయిదు పెట్టారు, కరెంటు ఇచ్చారు. నాకవేవీ లేవు. పొడుగు స్వరం కావాలంటే చూపుడువేలి కొసతో అదే స్వరాన్ని మెల్లగా మళ్లీ మళ్లీ మీటి నింపుతాను. వినేవాళ్లకి ఒకటే స్వరంలా అనిపించాలి. దానికే పదేళ్లు పట్టింది. రెండో మెట్టు కింద చెక్క నా వేలి ఆకారంలో గుంటపడింది.

1996 నవంబరు 6 తుపాను రాత్రి మా ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి. దీన్ని యూరియా సంచిలో చుట్టి, ట్రంకు పెట్టెలో పంచెల మధ్య పెట్టి, పెట్టె మీద నేనే కూర్చున్నాను. ఇంట్లో రెండు బస్తాల బియ్యం తడిసిపోయాయని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆవిడదే న్యాయం.

అయిదేళ్ల కిందట బ్రిడ్జి కాస్త లేస్తే టౌనులో ఒకాయన క్షణాల్లో అంటుకునే జిగురేదో పోసి ఇచ్చారు. ఇప్పుడు దానితోపాటు పై చెక్క పీచు కూడా ఊడొచ్చింది. మళ్లీ అతికించడానికి ఏది వాడాలి? క్లాంపులు లేవు, ఇటుక బరువు పెట్టొచ్చా? మా అబ్బాయి హైదరాబాద్ నుంచి కొత్తది పంపాడు, బాగానే ఉంది. మనవరాలు దాని తల మీద స్టిక్కర్లు అంటించుకుని వాయిస్తోంది.

తణుకు చెక్కపని:

మాస్టారూ, ఇటుక వద్దు. ముందు పాత జిగురు మొత్తం పోవాలి, అసలు పని అదే. బ్రిడ్జి అడుగునా, పై చెక్క మీదా బ్లేడు అడ్డంగా పట్టి పచ్చి చెక్క కనబడేదాకా గీకండి. బ్రిడ్జి అచ్చు దాటి ఒక్క గీటు కూడా బయటికి పోకూడదు. అసిటోన్ పోస్తే త్వరగా వస్తుందని ఎవరైనా చెప్తారు, పాలిష్ కూడా పోతుంది. పీచు ఊడినచోట లోతు ఎక్కువగా ఉంటే పల్చటి చెక్కపొర అతికి సమం చేయండి.

ఆ క్షణాల జిగురు గట్టిగానే పట్టుకుంటుంది కానీ పెళుసు. సందులు నింపదు. మామూలు తెల్ల జిగురేమో ఎండాకాలం వేడికి, ఎప్పుడూ ఉండే లాగుడికి కొంచెం కొంచెంగా జారుతుంది. నాలుగు తీగలూ కలిపి ఇంచుమించు 15 నుంచి 20 కిలోలు లాగుతాయి, చిన్నదే కదా అనుకోకండి. పసుపు రంగు ఉడ్ గ్లూ తెచ్చుకోండి, పల్చగా రెండు వైపులా.

క్లాంపుకి బదులు పాత సైకిల్ ట్యూబు. బ్రిడ్జి మీదో చిన్న చెక్క, వీపు మీద వెడల్పు పలక పెట్టి, ట్యూబు సాగదీసి చుట్టూ చుట్టండి. మరీ బిగించొద్దు, కారిన జిగురు తడిగుడ్డతో తుడవండి. ముసురు వదిలి ఎండ కాసిన రోజున చేయండి. ఒక రోజు అలాగే వదిలేసి, ఇంకో రోజు ఆగి తీగలెక్కించండి.

కాకినాడ వీణ:

మాస్టారూ, జిగురు సంగతి నాకు తెలీదు, మీ వాయింపు గురించి అడుగుతాను. మీ జి తీగ పై స్థాయిది కదా, మరి మంద్రం (కింది స్థాయి స్వరాలు) ఏం చేస్తున్నారు? సి కంటే కిందికి దిగే దారే లేదు. ఆ జి ని కింది స్థాయికి మార్చే లావు తీగ దొరుకుతుంది, మంద్ర పంచమం వస్తుంది. గమకం కూడా: వీణలో మెట్టు మీద తీగ పక్కకి లాగి పై స్వరం పట్టుకుంటాం. నైలాన్ తీగ అలా లాగితే స్వరం సరిగా పెరగదు. తీగ వెంట వేలు జార్చే జారు మీదే నడిపిస్తున్నారా?

యానాం సాయిబాబు:

దీని పుట్టుక కూడా ఓడ మీదే మాస్టారూ! 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడలో మదీరా ద్వీపం నుంచి చెరకు తోటల పనికి హవాయి దీవుల్లోని హొనొలులు వెళ్లినవాళ్లలో నూన్స్, డియాస్, ఎస్పిరిటో శాంటో అని ముగ్గురు చెక్కపనివాళ్లున్నారు. వాళ్ల ఊరి మచేట్ అనే చిన్న వాయిద్యమే అక్కడ యుకులేలే అయింది. మన కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకి వెళ్లినవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లేం వాయిద్యం పట్టుకెళ్లారో!

రాజోలు మాస్టారు:

ముగ్గురికీ ధన్యవాదాలు. పని అయింది. గీకడానికే రెండు పూటలు పట్టింది. సైకిల్ ట్యూబు మా ఊరి పంక్చర్ల కుర్రాడు డబ్బులు తీసుకోకుండా ఇచ్చాడు, ఎందుకని అడిగితే చెప్పాను, నమ్మలేదు.

వీణ అమ్మాయికి: అవునమ్మా, జారే. మంద్రం లేదు. లావు తీగ ఒకసారి ప్రయత్నించాను. పంచమం వచ్చింది కానీ పై నుంచి కిందికి మీటినప్పుడు మొదట వినిపించాల్సిన ఆ సన్న గొంతు పోయింది. తీసేశాను. సా నుంచి పై ధా దాకా, పన్నెండు మెట్లలో ఉన్నదే నా రాజ్యం. మంద్రం కావాల్సినచోట నోటితో పాడేస్తాను, మా ఆవిడ బయటికి వెళ్లినప్పుడు.

తీగలు ఎప్పటిలాగే నర్సాపురంలో వలల సామాను కొట్లోవి. ఈసారి ఫ్లోరోకార్బన్ గాలం తీగ అడిగాను, నైలాన్ కంటే సన్నం, తేమకి సాగదు. ఎ కి 0.52 మిల్లీమీటర్లది, సి కి 0.74. ఏ చేపకండీ అని కొట్టువాడు అడిగాడు. పండుగప్పకని చెప్పి వచ్చేశాను.

ఆదివారం రాత్రి ఎక్కించాను. కొత్త తీగలు కదా, పది నిమిషాలకోసారి శ్రుతి దిగుతోంది. బ్రిడ్జి వెనక పోస్టుకార్డు పెట్టి చూశాను, దూరలేదు.